కారు ఆపాక మాడు వాసన: క్లచ్ విప్పించే ముందు చక్రం చూడండి

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర పల్లె. శ్రీకాకుళంలో టీచరుగా చేస్తున్నాను. మా ఆయన ఉద్యోగం మీద దూరాన ఉంటారు కాబట్టి కారు నేనే నడుపుతాను. ఏడేళ్ల నాటి పెట్రోలు బండి, రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. సంక్రాంతి సెలవుల్లో పిల్లల్నీ అత్తమామల్నీ తీసుకుని అరకు వెళ్లాం. వచ్చేటప్పుడు అనంతగిరి ఘాట్ దిగుతుంటే మాడు వాసన వచ్చింది. బ్రేకు కూడా కాసేపు మెత్తగా లోపలికి దిగిపోయింది. శృంగవరపుకోటలో టీ కోసం ఆగాక సర్దుకుంది. అప్పట్నుంచీ స్కూలు దగ్గర కారు ఆపగానే అదే వాసన, ముందు ఎడమవైపు ఎక్కువ. మైలేజీ కూడా తగ్గినట్టుంది. మా మరిది "వదినా, క్లచ్ మీద కాలు పెట్టుకుని నడుపుతున్నావు, ప్లేట్లు పోయాయి" అన్నాడు. షెడ్డులో మెకానిక్ కారు నడిపి చూడకుండానే క్లచ్ సెట్టు మార్చాలన్నాడు. ఇంకొకాయన పెట్రోలు బండ్లకి ఇది మామూలే, ఆయిల్ వాసన అన్నారు. పిల్లల్ని ఎక్కించాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
(ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా)

సమాధానం:

అమ్మా, క్లచ్ ఇప్పుడే విప్పించకండి. మీ ఉత్తరం చదివితే నాకు అనుమానం క్లచ్ మీద కాదు, ముందు ఎడమ చక్రం బ్రేకు మీద. ఆ బ్రేకు పూర్తిగా వదలకుండా పట్టుకునే ఉంటోందని నా అంచనా. అది తేలేదాకా పిల్లల్ని ఆ కారులో ఎక్కించకండి, మీరు కూడా స్కూలుకి బస్సులోనే వెళ్లండి. వాసన వచ్చిన ప్రతి కారునీ ఇంట్లో పెట్టేయమని చెప్పను. కానీ మీ బండికి ఘాట్‌లో బ్రేకు మెత్తబడింది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

క్లచ్ కాదని ఎందుకంటున్నానో చెబుతాను. క్లచ్ ప్లేటు మాడితే కాగితం కాలినట్టు ఘాటైన వాసన వస్తుంది. అది కూడా ప్లేటు జారినప్పుడే వస్తుంది. రథసప్తమి నాడు అరసవల్లి రోడ్డులో గంటసేపు హాఫ్ క్లచ్‌తో పాకినప్పుడు, ఎత్తు మీదకి రివర్స్ ఎక్కించినప్పుడు, బురదలో ఇరుక్కుని బండిని లాగించినప్పుడు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులోనో ఐదో గేరులోనో హాయిగా వచ్చి ఆపిన బండికి రోజూ క్లచ్ వాసన రావాలంటే, ఆ క్లచ్ అప్పటికే బాగా జారిపోతూ ఉండాలి. అదే నిజమైతే మీకు ముందే తెలిసేది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ గోల పెరిగేది, బండి వేగం మాత్రం పెరిగేది కాదు. పైగా అది గేర్‌బాక్స్ దగ్గర ఉంటుంది, ఒక చక్రం దగ్గరే ఎక్కువగా వాసన రావాల్సిన పని లేదు.

అయినా మీ మరిది మాట కొట్టిపారేయను. పరీక్ష చేస్తే తేలిపోతుంది. బ్రేకు బాగుచేయించాక ఖాళీ రోడ్డు చూసుకుని మూడో గేరులో నలభై వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజిన్ శబ్దం, బండి వేగం కలిసి పెరిగితే క్లచ్ పట్టు బాగుంది. శబ్దం ఒక్కసారిగా ఎగిసి, బండి వెనకబడితే ప్లేటు జారుతోంది. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, వేలల్లో ఖర్చు, రోజంతా పని. అంత పనికి ఒప్పుకునే ముందు ఈ అర నిమిషం పరీక్ష మీ కళ్ల ముందు చేసి చూపించమని అడిగే హక్కు మీకుంది. ఆడవాళ్లు నడిపే బండి అనగానే క్లచ్ పోయిందనేయడం మన దగ్గర చాలామందికి నోటికొచ్చిన మాట. మీరు దానికి నొచ్చుకుని తగ్గాల్సిన పని లేదు.

ఇక ఘాట్‌లో ఏం జరిగి ఉంటుందో చూద్దాం. మనుషులతో, సామానుతో మీ కారు బరువు సుమారు 1,300 కిలోలు అనుకోండి. అది వంద మీటర్ల ఎత్తు దిగేటప్పుడు బ్రేకుల్లో పుట్టే వేడి, 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె ఇరవై నిమిషాలు వెలిగితే వచ్చేంత ఉంటుంది. అరకు నుంచి శృంగవరపుకోట వైపు దిగేటప్పుడు అలాంటి వందలు చాలా ఉంటాయి. చిన్న గేరులో దిగితే ఆ భారం చాలావరకు ఇంజిన్ మోస్తుంది. నాలుగో గేరులోనో న్యూట్రల్‌లోనో దిగితే మొత్తం బ్రేకుల మీదే పడుతుంది. మీకు మొదట వచ్చిన మాడు వాసన అదే.

బ్రేకు మెత్తబడటానికి కారణం బ్రేక్ ఆయిల్. దానికి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. మీరుండేది సముద్రపు ఒడ్డున, ఏడాది పొడవునా గాలిలో తడి ఉంటుంది. డాట్ 4 రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టిన ఆయిల్‌కి ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. డాట్ 3 అయితే ఆ అంకెలు 205, 140. బ్రేకులు కాగి ఆ వేడి ఆయిల్‌కి చేరితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే అణిగిపోతుంది కాబట్టి పెడల్ కిందికి దిగుతుంది, బ్రేకు మాత్రం పట్టదు. టీ తాగేలోపు చల్లారి బుడగలు పోయాయి, పెడల్ మామూలైంది. అంటే జబ్బు తగ్గిపోయిందని కాదు, మళ్లీ అంత వేడెక్కితే మళ్లీ అలాగే అవుతుంది. ఈ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చుకోవడం మంచిది. మీ పాత ఓనరు ఎప్పుడు మార్చాడో మీకు తెలిసే అవకాశం తక్కువ, మీరు కొని రెండేళ్లయింది. కాబట్టి ఆలోచించకుండా మార్పించేయండి.

ఇప్పుడు చదును రోడ్డు మీద కూడా వాసన ఎందుకు? మీ ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు ఉంటాయి. డిస్కుకి అటొకటి ఇటొకటి ప్యాడ్లు, వాటిని పట్టుకునే క్యాలిపర్. ఆ క్యాలిపర్ రెండు పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతుంది. పిన్నులకి రబ్బరు తొడుగులు, లోపల గ్రీజు ఉంటాయి. తొడుగు చిరిగితే ఉప్పుగాలీ నీళ్లూ లోపలికి చేరి పిన్ను తుప్పు పడుతుంది. మీ బండికి ఆ తుప్పు ముందే మొదలై ఉండొచ్చు. ఘాట్ వేడికి మిగిలిన గ్రీజు కూడా మాడిపోయి ఉంటుంది. ఇక మీరు బ్రేకు మీంచి కాలు తీసినా క్యాలిపర్ పూర్తిగా వెనక్కి జరగదు, ప్యాడ్ డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది. దాంతో వాసన వస్తుంది, మైలేజీ తగ్గుతుంది. మీరు రాసిన మూడు సంగతులూ దీనికి సరిగ్గా సరిపోతున్నాయి.

సరిపోయాయి కదా అని నా మాట మీద కూడా దేన్నీ విప్పించకండి. ఖాయం చేసుకోవడం మీ చేతిలోనే ఉంది. కానీ దానికంటే ముందు, బండి చల్లగా ఉన్నప్పుడు టార్చి వేసి కారు కింద ఒకసారి చూడండి. ఇవి కళ్లాల రోజులు. వరి గడ్డి, మినప కట్టె, ఉలవ కట్టె రోడ్డు మీద పరిచి, వచ్చేపోయే బండ్ల చేత నూర్పిస్తారు మన వాళ్లు. దాని మీంచి వెళ్లిన కారు కింద గడ్డి చిక్కుకుంటుంది. చక్రానికి వెళ్లే షాఫ్టుకి చుట్టుకుంటుంది, సైలెన్సర్ పైన దూరి కూర్చుంటుంది. ఇంజిన్ దగ్గరి సైలెన్సర్ గొట్టం వేడికి ఎండుగడ్డి అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. ఇది ఉత్తుత్తి భయం కాదు, ఇలా కాలిపోయిన కార్లు ఉన్నాయి. గడ్డి కనిపిస్తే చేత్తో, కర్రతో మొత్తం లాగేయండి. ప్లాస్టిక్ కవరు కరిగి గొట్టానికి అంటుకున్నా ఇలాగే మాడు వాసన రోజుల తరబడి వస్తుంది. అది ప్రమాదం కాదు, చల్లారాక గీకేస్తే పోతుంది. రోడ్డు మీద పంట పరిచి ఉంటే వీలైనంతవరకు పక్కనుంచి వెళ్లండి. తప్పక మీంచి వెళ్తే, దాటాక ఆగి ఒకసారి కిందికి వంగి చూడండి. గడ్డి కుప్ప మీద కారు ఆపి వెళ్లడం మాత్రం ఎప్పుడూ వద్దు.

కింద ఏమీ లేకపోతే చక్రం పరీక్ష. తెల్లవారుజామున చేయండి. మధ్యాహ్నం అయ్యేసరికి మీ వైపు సముద్రపు గాలి లేస్తుంది, ఎడమ చక్రం వాసనని తీసుకెళ్లి ఎక్కడో పెడుతుంది. మీరొక్కరే, నిదానంగా, ఐదారు కిలోమీటర్లు నడపండి. బ్రేకు ఎంత తక్కువ వాడితే అంత మంచిది. చివర్లో బండిని దానంతట దాన్నే నెమ్మదించనిచ్చి చదునుగా ఉన్న చోట ఆపండి. పెడల్ మళ్లీ మెత్తగా అనిపిస్తే పరీక్ష అక్కడితో ఆపేయండి, బండిని టోయింగ్ మీద పంపించాలి.

దిగి ముందు రెండు చక్రాల దగ్గరా అరచేతి వెనకభాగం రిమ్ముకి అంగుళం దూరంలో పెట్టి చూడండి. ముట్టుకోకండి, డిస్కు జోలికి అసలు వెళ్లకండి, కాలుతుంది. వెనక చక్రాల కంటే ముందు చక్రాలు వేడిగా ఉండటం మామూలే, ఎందుకంటే బ్రేకు పని ఎక్కువ భాగం ముందువే చేస్తాయి. చూడాల్సింది ఎడమా కుడీ తేడా. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉంటే బ్రేకు పట్టుకోలేదు. కుడివైపు చెయ్యి నిలబడి, ఎడమవైపు చెయ్యి దగ్గరికే పోనివ్వకపోతే దొంగ దొరికినట్టే. వాసన కూడా ఆ చక్రం దగ్గర ముక్కుని పట్టేస్తుంది. ఎడమ రిమ్ము మీద నల్లటి పొడి కుడిదాని కంటే ఎక్కువుందా, స్టీరింగ్ ఎడమకి లాగుతోందా అన్నవి కూడా గమనించండి.

వేడి ఉంది కదా అని నీళ్లు మాత్రం పోయకండి. కాగిన డిస్కు మీద చన్నీళ్లు పడితే వంకర తిరగొచ్చు, పగలొచ్చు కూడా. నీడన వదిలేస్తే అదే చల్లారుతుంది.

చాలామంది మోసపోయేది ఇంకొకచోట. ఇలా పట్టుకున్న బ్రేకు చల్లారాక ఒక్కోసారి దానంతటదే వదిలేస్తుంది. బండి రాత్రంతా నిలబడి, ఉదయం షెడ్డుకి వెళ్తే చక్రం సుబ్బరంగా తిరుగుతుంది, "బ్రేకుకేం లేదమ్మా" అంటారు. అందుకని పరీక్ష వేడి మీదే జరగాలి. మెకానిక్‌ని మీ ఊరికి రప్పించండి, లేదా షెడ్డు దగ్గరే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. రాగానే జాకీ వేసి ముందు చక్రం లేపాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. ఒకసారి బ్రేకు తొక్కి వదిలి, చక్రం చేత్తో తిప్పాలి. కొద్దిగా రాసుకున్న చప్పుడు వస్తే తప్పు లేదు, డిస్క్ బ్రేకుకి అది సహజం. రెండు చేతులతో తిప్పినా కదలనంటే పట్టుకుందన్నమాట. జాకీ మీదున్న కారు కిందికి ఎవరూ దూరకూడదు, మెకానిక్ అయినా సరే.

అప్పుడు ఆయన్ని ఒక్క పని చేయమని అడగండి. క్యాలిపర్ వెనక గాలి తీసే నిప్పిల్ ఉంటుంది. చక్రం పట్టుకుని ఉన్నప్పుడే దాన్ని కొద్దిగా వదులు చేయాలి. చుక్క ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే వదిలేస్తే, లోపల ప్రెషర్ ఇరుక్కుపోయింది. అంటే క్యాలిపర్‌ది కాదు తప్పు, ఎక్కువగా ఆ చక్రానికి వెళ్లే రబ్బరు గొట్టానిది. ఆ గొట్టం బయటికి బాగానే కనబడుతుంది, లోపల ఉబ్బి మూసుకుపోతుంది. మీ కాలి బలంతో ఆయిల్ అవతలికి వెళ్తుంది, తిరిగి రాదు. నిప్పిల్ వదిలినా చక్రం కదలకపోతే, పిన్నులో, ప్యాడ్‌ని నెట్టే పిస్టనో తుప్పు పట్టింది. ఈ పరీక్ష చేయకుండా క్యాలిపర్ మార్చేసి, గొట్టం అలాగే ఉండటంతో నెల తిరక్కుండానే మళ్లీ అదే వాసనతో వచ్చే బండ్లు ఉంటాయి.

విప్పాక ప్యాడ్లు మీరు కళ్లారా చూడండి. లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది మందంగా ఉంటే పిన్నులు కదలడం లేదని గుర్తు. పిన్నులే అయితే పని చిన్నదే. బయటికి లాగి, తుప్పు శుభ్రం చేసి, తొడుగులు కొత్తవి వేసి, బ్రేకు పిన్నుల కోసం అమ్మే గ్రీజు పెట్టాలి. షెడ్డులో డబ్బాలో ఉండే మామూలు గ్రీజు పెట్టనివ్వకండి. అది వేడికి కారిపోతుంది, రబ్బరుని ఉబ్బిస్తుంది, కొన్నాళ్లకే మళ్లీ మొదటికొస్తుంది. పిస్టన్ తుప్పు పట్టి ఉంటే సీల్ కిట్టు వేయాలి, గుంటలు పడి ఉంటే క్యాలిపర్ మార్చాలి. ప్యాడ్ల పైభాగం నున్నగా మెరుస్తున్నా, పగుళ్లున్నా మార్చేయండి, అదీ రెండు చక్రాలకీ కలిపి. ఒకవైపే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి ఒకపక్కకి లాగుతుంది. డిస్కు మీద నీలిరంగు మచ్చలుంటే అది కూడా కాగిందని గుర్తు, మందం కొలిపించండి.

ఎలాగూ నిప్పిల్ విప్పుతారు కాబట్టి బ్రేక్ ఆయిల్ అదే పూట నాలుగు చక్రాలకీ మార్పించేయండి. బానెట్ కింద ఉండే బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే వేయాలి. సీలు తీసి ఎన్నాళ్లో అయిన సీసాలోది వద్దు, కొత్త సీసా మీ ముందే తెరవమనండి. కొత్త ప్యాడ్లు వేశాక మొదటి వందా రెండొందల కిలోమీటర్లు కొద్దిగా వాసన రావచ్చు. అది రెండు చక్రాల దగ్గరా సమానంగా వచ్చి, రోజురోజుకీ తగ్గాలి.

ఆయిల్ వాసన అన్నాయన మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. పెట్రోలు బండికి రోజూ మాడు వాసన మామూలు కాదు. ట్యాపెట్ కవర్, అంటే ఇంజిన్ పైమూత, ప్యాకింగ్ పోయి ఇంజిన్ ఆయిల్ చెమ్మగిల్లి, వేడి గొట్టం మీద పడితే నూనె మాడిన వాసన వస్తుంది, ఆపాక ఇంకా ఎక్కువవుతుంది. కానీ అది చక్రం దగ్గర కాదు, బానెట్ సందుల్లోంచి వస్తుంది. బండి చల్లారాక బానెట్ తెరిచి ఇంజిన్ పైమూత అంచులు జిడ్డుగా, దుమ్ము పట్టి నల్లగా ఉన్నాయేమో చూడండి. చదును నేల మీద డిప్ స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూసి రాసిపెట్టుకోండి, వారం తర్వాత మళ్లీ చూడండి. ఈమధ్యే ఆయిల్ మార్పించి ఉంటే ఒలికిన నాలుగు చుక్కలు కాలుతున్నాయేమో, రెండుమూడు రోజుల్లో పోతుంది. తియ్యటి వాసనైతే ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ కారుతోంది, వేడి మీద రేడియేటర్ మూత తీయకండి.

భయపడాల్సిన వాసన ప్లాస్టిక్ కాలినది. కింద కవరు ఏదీ అంటుకోకపోతే అది వైర్లది. ఎలుకలు కొరికిన వైర్లు, బయట వేయించిన లైట్లు, హారన్లు, మ్యూజిక్ సిస్టం, పోయిన ఫ్యూజు స్థానంలో కట్టిన తీగముక్క, ఇవన్నీ నిప్పు పుట్టించేవే. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి ఫ్యూజుల పెట్టె ఒకసారి తెరిపించి చూడండి. ఆ వాసన వచ్చిన క్షణమే పక్కకి ఆపి, ఇంజిన్ ఆపి, అందరూ దిగిపోవాలి. పొగ లేకపోతేనే పది నంబరు స్పానరుతో బ్యాటరీ నెగెటివ్ వైరు తీయండి. బానెట్ కింద నుంచి పొగ వస్తుంటే బానెట్ ఎత్తకండి, గాలి తగిలి మంట ఒక్కసారిగా లేస్తుంది. దూరం జరిగి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

బ్రేకు బాగయ్యాక మళ్లీ అరకు వెళ్లండి, మానేయక్కర్లేదు. దిగేటప్పుడు మాత్రం ఎక్కడానికి ఏ గేరు పట్టిందో అదే గేరులో దిగండి. ఇంజిన్ గట్టిగా అరుస్తోందని కంగారుపడకండి, అది బండిని పట్టి ఉంచుతున్న చప్పుడు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా ఒకసారి వేసి వేగం తగ్గించి వదిలేయండి, మళ్లీ వేగం పెరిగాక వేయండి. పెట్రోలు కలిసొస్తుందని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దింపేవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. ఇంజిన్ ఆగితే రెండుమూడుసార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఎవరు చెప్పినా వినకండి. మాడు వాసన వస్తే వ్యూపాయింట్ దగ్గర ఆపి అరగంట చల్లారనివ్వండి. అలా ఆపినప్పుడు కాగిన వెనక బ్రేకుల మీద హ్యాండ్ బ్రేకు బిగించకుండా, ఫస్ట్ గేరులో ఉంచి చక్రానికి రాయి పెట్టండి.

పని అయ్యాక తెల్లవారుజాము పరీక్ష ఇంకోసారి చేయండి, ఎడమా కుడీ వేడి ఒకేలా ఉంటేనే పిల్లల్ని ఎక్కించుకోండి. నిప్పిల్ వదిలినప్పుడు చక్రం కదిలిందా లేదా అన్నది మాత్రం మర్చిపోకుండా రాయండి. ఇంకా వాసన వస్తే తర్వాత ఏం విప్పాలో దాన్నిబట్టే చెప్పగలను.